స్టార్టర్‌లో పుల్ల

టైరు కొట్టు మీది గది,
మంగళవారం

అక్కకు,

ఇక్కడ నేను క్షేమమని రాస్తే అబద్ధం. అక్కడ నువ్వు క్షేమమని తలిస్తే నా అమాయకత్వం. అందుకని ఆ రెండు ముక్కలూ మానేసి నేరుగా విషయానికొస్తున్నాను.

ఇంటికి ఫోన్ చేస్తే మీ ఆయనే ఎత్తుతాడు. ఇంటికి ఉత్తరం రాస్తే మీ ఆయనే చింపుతాడు. అందుకే నువ్వు కుట్టు పనిచేసే దర్జీ కొట్టు చిరునామాకి రాస్తున్నాను. చదివి అక్కడే ఏ గుడ్డపీలికల కిందో పడెయ్యి.

నా గది గురించి అడుగుతావని తెలుసు. మంచం వేశాక మనిషి పట్టడానికి పక్కకి తిరగాలి. కింద కొట్టువాడు టైర్లకి గాలి కొడుతుంటే నేల అదురుతుంది. కరెంటు ఒంటి ఫేజు. ఇస్త్రీపెట్టె పెడితే ఫ్యాను మూలుగుతుంది, ఫ్యాను వేస్తే బల్బు గుడ్డిదవుతుంది. పగలంతా కుర్చీల ఫ్యాక్టరీలో గరుకు కాగితంతో కుర్చీ కోళ్ళు రుద్దుతున్నాను. ఎవరో చేసిన కోళ్ళు, అవీ ఒకదానికొకటి పొంతన లేనివి. లేత్ మీద నేను తిప్పిన చెక్కని నాన్న చెంపకి ఆనించి చూసుకుని "గరుకు కాగితం దండగ" అనేవాడు, గుర్తుందా? ఆ నేను ఇప్పుడు ఎడం చేతిలో మిగిలిన మూడు వేళ్ళతో పరాయివాళ్ళ చెక్క రుద్దుతున్నాను.

నా లేత్ అక్కడే ఉండిపోయింది కదా. తెచ్చుకోమంటాడు మీ ఆయన, పెద్ద ఉదారుడిలా. తెచ్చి ఏం చేసుకోను? దానికి త్రీ ఫేజ్ కావాలి. పెరట్లో షెడ్డుకి ఆ కనెక్షన్ కోసం నాన్న కరెంటాఫీసు చుట్టూ తిరిగి తిరిగి చెప్పులరగదీశాడు. ఆయన పోయాక మళ్ళీ ఆఫీసుకి తిరిగే ఓపిక నాకు లేక, బావ పేరు మీదికి మార్చుకోండి అన్నాను. ఆ ఒక్క మాట పట్టుకుని, "మిషన్ నీదే కావచ్చు, కరెంటు నాది" అని నన్ను బయటికి పంపాడు. ఇన్నేళ్ళూ నేను తిప్పిన ప్రతి స్తంభం, ప్రతి మంచం కోడు తన చేతి పనేనని అందరి దగ్గరా డప్పు కొట్టుకున్నాడు. నా నోట్లో మట్టి కొట్టాడక్కా. నా కడుపు ఎంత మండుతోందో నీకు తెలీదు.

ఒకటి మాత్రం చెబుతున్నాను. నేను ఊరికే రాలేదు. వచ్చేముందు షెడ్డులో ఒక పని చేసి వచ్చాను. ఏమిటని అడగకు. మీ ఆయన ఆ లేత్ ఆన్ చేసిన రోజు ఏం జరిగిందో మాత్రం నాకు వివరంగా రాయి. మొహం ఎలా పెట్టాడో కూడా రాయి. నువ్వెప్పుడూ ఆ షెడ్డు గడప తొక్కలేదు. ఇక ముందు కూడా తొక్కకు.

నీ చంటి


దర్జీ కొట్టు,
శనివారం

చంటీ,

నీ ఉత్తరం జాకెట్టు గుడ్డల మధ్య పెట్టుకుని రెండు సార్లు చదివాను. ఏం చేసి వెళ్ళావే? మీ బావగారి నోరు మంచిది కాదు, ఒప్పుకుంటాను. కానీ నీ వేళ్ళు పోయిన రోజు నిన్ను ఎత్తుకుని రిక్షా దాకా పరిగెత్తింది ఆయనే కదా. ఆ రోజు నువ్వు కాస్త చూసుకుని పనిచేసి ఉంటే ఇవాళ ఈ గొడవే ఉండేది కాదు. నేనిలా అంటే నీకు కోపం వస్తుంది. రానీ. అక్కని కాబట్టి అంటున్నాను.

నువ్వేం చేశావో గానీ, ఇక్కడ జరిగింది చెబితే తల పట్టుకుంటావు. నువ్వు వెళ్ళిన మర్నాడే మన వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. నూనె ఒలికి, పొగ లేచి పెద్ద హడావిడి. వీధంతా ఉక్కలో ఉడికిపోయాక కరెంటాఫీసు వాళ్ళు కొత్తది తెచ్చి పెట్టారు. కరెంటు వచ్చిందని అందరూ సంతోషించే లోపే గోల మొదలైంది. పిండిమర ఆవిడ మర వేస్తే అది వెనక్కి తిరిగిందట. పిండి రావడానికి బదులు లోపల గింజలు మర గొంతులో అడ్డం పడి కూర్చున్నాయి. ఎదురింటి మూడంతస్తుల వాళ్ళ నీళ్ళ మోటారు హోరుమని తిరుగుతోంది, నీళ్ళు మాత్రం మేడ ఎక్కడం లేదు. కమ్మరి కొలిమి దగ్గర గాలి మిషన్ కూడా అంతే. వీధిలో త్రీ ఫేజ్ ఉన్న ప్రతి ఇంట్లోనూ మోటార్లు వెనక్కి నడుస్తున్నాయి.

ఒక్క మన షెడ్డులో తప్ప. మన లేత్ ఏమీ ఎరగనట్టు, నిమ్మకు నీరెత్తినట్టు, ఎప్పుడూ తిరిగే వైపే తిరిగింది.

ఇక మీ బావగారిని పట్టడానికి మనుషులు చాలరు. ముందే కనిపెట్టి తన వైరింగ్ సరిచేసుకున్నానని ఒకటే కోతలు. వీధి వీధంతా వచ్చి చూసి ముక్కున వేలేసుకుంది. ఆ గుంపులో కొత్త మేడలు కట్టే కాంట్రాక్టరు ఒకాయన ఉన్నాడు. పనితనం అంటే ఇదీ అని మెచ్చుకుని, తన మేడల మెట్లకి కావలసిన స్తంభాలన్నీ మన దగ్గరే చేయిస్తానన్నాడు. పిండిమర ఆవిడ మాత్రం రోజూ కరెంటాఫీసుకెళ్ళి వాళ్ళ మీద విరుచుకుపడుతోంది. వచ్చి సరిచేస్తామని వాళ్ళు అంటున్నారు, రావడం లేదు.

అక్షరాలు వంకర పోతున్నాయి, ఏమీ అనుకోకు. బొటనవేలికి కత్తెర తగిలింది. వేళకి తిను. కోపం తగ్గించుకో.

అక్క


టైరు కొట్టు మీది గది,
గురువారం

అక్కా,

నీ ఉత్తరం చదివి మొదట నవ్వాను. తర్వాత గోడకేసి తల కొట్టుకోవాలనిపించింది. కింద కొట్టువాడు పైకి వచ్చి ఏమైందమ్మా అని అడిగాడంటే ఎంత గట్టిగా అరిచానో చూసుకో.

ఇప్పుడు చెబుతాను, విను. షెడ్డు మెయిన్ స్విచ్చి నుంచి లేత్‌కి మూడు తీగలు వెళ్తాయి. చిన్నప్పుడు నాన్న, నువ్వు, నేను గుండ్రంగా కూర్చుని బంతి అందించుకునేవాళ్ళం కదా. నాన్న నీకు, నువ్వు నాకు, నేను నాన్నకి. నువ్వూ నేనూ చోట్లు మార్చుకుని, ఇచ్చే వరస మాత్రం మార్చకపోతే బంతి ఎటు తిరుగుతుంది? రెండో వైపు తిరుగుతుంది. మూడు ఫేజుల కరెంటు అంతే. ఏ రెండు తీగలు చోట్లు మార్చినా మోటారు వెనక్కి తిరుగుతుంది. నేను వచ్చే రోజు మెయిన్ దించి అదే చేశాను.

లేత్ వెనక్కి తిరిగితే ఏమవుతుందో తెలుసా? చెక్కని పట్టుకునే ఇనప చక్ ఉంది చూడు, చంటిపిల్ల అంత బరువు ఉంటుంది, అది ఇరుసుకి మరలతో బిగించి ఉంటుంది. ముందుకి తిరిగితే బిగుసుకుంటుంది. వెనక్కి తిరిగితే మరలు విడిపోయి ఊడి వస్తుంది. అలా ఊడిన చక్ ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. అందుకే లైను మీద ఎవరు చెయ్యి వేసినా సరే, ముందు చక్ తీసేసి ఖాళీ ఇరుసుని ఒక్కసారి తిప్పి చూసుకోనిదే నాన్న పని మొదలుపెట్టేవాడు కాదు. మీ ఆయనకి ఆ ఓపిక ఎక్కడుంది. అందుకే ఆ దెబ్బ కొట్టాను. సిగ్గుపడటం లేదు.

తీరా చూస్తే కరెంటాఫీసు వాళ్ళు కూడా స్తంభం దగ్గర రెండు తీగలు తారుమారు చేశారు. వీధంతా వెనక్కి తిరిగింది. నేను ముందే తిప్పి పెట్టాను కాబట్టి మన షెడ్డు ఒక్కటే సరిగ్గా తిరిగింది. మీ ఆయనకి గొయ్యి తవ్వుతున్నాననుకుని నా చేతులారా వాడి నెత్తిన కిరీటం పెట్టాను. నా ఖర్మ కాకపోతే ఏమిటిది.

ఇక నువ్వు రాసిన ఇంకో మాట. "కాస్త చూసుకుని పనిచేసి ఉంటే." ఆస్పత్రిలో కూడా ఇదే అన్నావు. అప్పుడు నోరు మూసుకున్నాను. నువ్వు మంచం పక్కన ఏడుస్తుంటే వాడు నీ భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. నీ కాపురంలో నేనెందుకు నిప్పు పెట్టాలి అనుకున్నాను. ఇప్పుడు చెబుతున్నాను, కాలితే కాలనీ.

లేత్ పక్కన గోడకి స్టార్టర్ పెట్టె ఉంది, ఆకుపచ్చ బటన్, ఎర్ర బటన్. కరెంటు పోగానే ఆ పెట్టె దానంతట అదే పడిపోతుంది, అంటే ఆఫ్ అయిపోతుంది. మళ్ళీ కరెంటు వచ్చినా మనం ఆకుపచ్చ బటన్ నొక్కితే తప్ప మిషన్ తిరగదు. మనిషి చెయ్యి కాపాడటానికే ఆ ఏర్పాటు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా బటన్ నొక్కాలంటే మీ ఆయనకి విసుగు. ఆ రోజు పొద్దున్నే, నాకు చెప్పకుండా, పెట్టె మూత తీసి లోపల ఒక చెక్క పుల్ల దోపాడు. పుల్ల ఉంటే పెట్టె పడదు. ఎర్ర బటన్ నొక్కినా ఆగదు. కరెంటు ఉంటే తిరుగుతుంది, పోతే ఆగుతుంది, అంతే. కరెంటు పోయింది కదా అని నేను చక్‌లో ఇరుక్కున్న పేళ్ళు చేత్తో లాగుతున్నాను. కరెంటు వచ్చింది. నేను కింద పడి అరుస్తుంటే వాడు ముందు ఏం చేశాడో తెలుసా? నా దగ్గరికి రాలేదు. స్టార్టర్ దగ్గరికెళ్ళి పుల్ల లాగి జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత నన్నెత్తుకున్నాడు. నా కళ్ళతో చూశాను.

ఒక్కసారి వాడి నోటితో వాడు ఆ మాట ఒప్పుకోవాలి. నాకు అదొక్కటే కావాలి. ఒప్పుకోడు కాబట్టే దెబ్బ కొట్టాను.

నాకింకా ఆశ పోలేదు. పిండిమర ఆవిడ ఊరుకునే రకం కాదు. ఏదో ఒక రోజు వాళ్ళొచ్చి స్తంభం దగ్గర సరిచేస్తారు. వీధంతా మామూలైపోతుంది. ఆ రోజు మన షెడ్డు ఒక్కటే వెనక్కి తిరుగుతుంది. వాడు చంకలు గుద్దుకుంటూ కాంట్రాక్టరు ముందు నిలబడి మెయిన్ వేస్తాడు. నువ్వు ఏమీ చెప్పకు. వంటింట్లో కూర్చో.

చంటి


దర్జీ కొట్టు,
సోమవారం

చంటీ,

మీ బావ పనిమీద బయటికి వెళ్ళినప్పుడు షెడ్డులోకి వెళ్ళి స్టార్టర్ మూత తీసి చూశాను. పుల్ల ఉంది. నిన్ను పంపేశాక మళ్ళీ పెట్టుకున్నాడన్నమాట.

అది ఉత్త పుల్ల కాదు. నా కొలత చెక్క ముక్క. అంకెలు కూడా కనిపిస్తున్నాయి. పోయిన ఏడు ఇల్లంతా వెతికాను, నువ్వే విరగ్గొట్టి దాచావని చెప్పాడు. నేను నమ్మి నిన్ను తిట్టాను. నువ్వు నేను కాదన్నావు. దాన్ని మళ్ళీ అక్కడే పెట్టి మూత బిగించాను.

నీకు ఇంకో సంగతి రాయలేదు. నా బొటనవేలికి తగిలింది కత్తెర కాదు, ఉలి. నువ్వు వెళ్ళిన దగ్గర్నుంచి లేత్ దగ్గర నిలబడేది నేనే. అతనికి ఉలి పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది, ఆ సంగతి బయటికి తెలీకూడదు. "మీ చెల్లెలు చేసిన పనే కదా, కుట్టు వచ్చిన చేతికి ఇదెంత" అన్నాడు. పొద్దున షెడ్డులో, మధ్యాహ్నం కొట్టులో. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వచ్చాక మొదటిసారి మెయిన్ వేసినప్పుడు చక్ ముందు నిలబడింది నేను. అతను గుమ్మంలో నిలబడి వీధిలో వాళ్ళతో మాట్లాడుతున్నాడు.

అడిగిందానికి జవాబు రాయి. పుల్ల ఉండగా మెయిన్ వేస్తే మిషన్ దానంతట అదే తిరుగుతుందా? ఆపాలంటే మెయిన్ దించడం తప్ప ఇంకో దారి లేదా? వెనక్కి తిరుగుతోందని చూసి ఎలా పోల్చుకోవాలి?

అక్క


టైరు కొట్టు మీది గది,
అందిన రోజే

అక్కా,

నేను పన్నిన ఉచ్చు ముందు మొదటి రోజు నిలబడింది నువ్వా? ఆ ట్రాన్స్‌ఫార్మర్ కాలకపోయి ఉంటే, ఆ లైన్‌మన్ తీగలు తప్పుగా కలపకపోయి ఉంటే, ఆ చక్ నీ మొహం మీదికి వచ్చి ఉండేది. ఎవడో దారినపోయేవాడు చేసిన పొరపాటు వల్ల నువ్వు బతికున్నావు.

ఇక ఆ షెడ్డులోకి వెళ్ళకు. బతిమాలుతున్నాను. నా పగ గిగ ఏమీ వద్దు. బావకి అంతా చెప్పెయ్యి. తీగలు మార్చింది నేనేనని చెప్పు, పోలీసుల దగ్గరికి పోతానంటే పోనీ. నా వేళ్ళ సంగతి వదిలెయ్యి, అవెటూ తిరిగి రావు. నీ వేళ్ళు పోతే నేను బతకలేను. వాటితో నువ్వు కాజాలు కుడుతుంటే కూర్చుని చూడ్డం నాకెంత ఇష్టమో నీకు తెలీదు.

నువ్వు అడిగావు కాబట్టి, నీ రక్షణ కోసం మాత్రమే చెబుతున్నాను. అవును, పుల్ల ఉంటే మెయిన్ వెయ్యగానే తిరుగుతుంది. మెయిన్ ఒక్కటే ఆపుతుంది. చక్ తీసేసి, పక్కకి నిలబడి, ఒక్క క్షణం మెయిన్ వేసి దించు. ఇరుసు పైభాగం నీ వైపు వస్తే సరైన దారి. నీ నుంచి అవతలికి పోతే తిరగబడినట్టు. అలా అవతలికి పోతుంటే మెయిన్ దించేసి, తలుపు తాళం వేసి, తాళంచెవి ఏ నూతిలోనో పడేసి నా దగ్గరికి వచ్చెయ్యి. ఈ గదిలో ఇద్దరం పట్టం, అయినా ఎలాగో సర్దుకుందాం.

ఈ ఒక్క మాట వినక్కా.

చంటి


ఇంటి నుంచి,
ఆదివారం

చంటీ,

ఈసారి ఇంట్లో కూర్చునే రాస్తున్నాను. ఇక చింపేవాళ్ళు లేరు.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు లైన్‌మన్లు వచ్చారు. వాళ్ళు స్తంభం దిగేలోపే పిండిమర ఆవిడ మర వేసి చూసుకుని, వీధిలోకొచ్చి చప్పట్లు కొట్టింది. నేను షెడ్డులోకెళ్ళి నువ్వు చెప్పినట్టే చక్ తీశాను. దాన్ని మోసి కింద పెట్టేసరికి నడుం పట్టేసింది. మెయిన్ వేసి దించాను. ఇరుసు పైభాగం నా నుంచి అవతలికి పోయింది. రెండోసారి కూడా అంతే.

నువ్వు తాళం వేసి వచ్చెయ్యమన్నావు. నేను చక్ ఎత్తి మళ్ళీ ఇరుసుకి బిగించాను.

ఆ సాయంత్రం కాంట్రాక్టరు వస్తాడని నాకు తెలుసు. ఇస్త్రీ చొక్కా వేసుకుని అతన్ని వెంటబెట్టుకొచ్చాడు మీ బావ. మా ఆవిడ నా దగ్గర నేర్చుకుంటోంది, చూద్దురు గాని అని నన్ను పిలిచాడు. నా బొటనవేలు చూపించి ఈ రోజు నావల్ల కాదన్నాను. అయినా గురువుగారి పనితనం ఎదురుగా ఉండగా శిష్యురాలిది చూడ్డమేమిటి అన్నాను. కాంట్రాక్టరు నిజమే కదా అన్నాడు. ఇక కాదనడానికి లేదు. కాంట్రాక్టరుని పొడి పడుతుందని చెప్పి గోడ దిమ్మ వెనక స్టూలు మీద కూర్చోబెట్టాను. మీ బావ చక్‌లో చెక్క బిగించి, రెండో కొస లేత్ అవతలి చివర ఉండే మొనకి ఆనించి, ఉలి పట్టుకుని ఫోటోకి నిలబడ్డట్టు నిలబడ్డాడు. అతని ముందు లేత్, వెనక ఎత్తుగా పేర్చిన పలకలు. పక్కకి తప్పుకోవాలంటే చక్ ముందునుంచే రావాలి. మెయిన్ వెయ్యమన్నాడు.

పిడి మీద చెయ్యి వేసి అడిగాను. "చంటి వేళ్ళు పోయిన రోజు స్టార్టర్‌లో పుల్ల ఎవరు పెట్టారు?"

అతను కాంట్రాక్టరు వైపు తిరిగి నవ్వాడు. "మా మరదలే పెట్టుకుంది. చెప్పానుగా, ఒట్టి అజాగ్రత్త మనిషి."

పుల్ల సంగతి అంతకుముందు ఎవరి దగ్గరా ఎత్తని మనిషి, అడగ్గానే నీ మీద పెట్టేశాడు. నిజం చెబుతాడేమో, చెబితే మెయిన్ వెయ్యకుండా వదిలేద్దాం అనుకుంటూనే ఉన్నాను. చంటీ, నీ మీద ఒట్టు. ఆ నవ్వు చూశాక పిడి ఎత్తేశాను.

చెక్క వెనక్కి తిరిగింది. మొదట అతనికి అర్థం కాలేదు. ఉలి ఆనించబోతే ఎగిరి గోడకి తగిలింది. చక్ కొంచెం కొంచెంగా ఇరుసు మీంచి బయటికి జరుగుతోంది, మధ్యలో చెక్క విల్లులా వంగి కీచుమంటోంది. అతను ఎర్ర బటన్ నొక్కాడు. మళ్ళీ మళ్ళీ నొక్కాడు. లోపల తన పుల్లే అడ్డం ఉంది కదా. పలకలకి వీపు ఆనించి "మెయిన్ దించవే" అని అరిచాడు.

"ఎవరు పెట్టారు?" అన్నాను.

"నేనే. నేనే పెట్టాను. దించు."

నేను విన్నాను. కాంట్రాక్టరూ విన్నాడు. గుమ్మంలోకి అప్పుడే వచ్చిన పిండిమర ఆవిడా విన్నది. నీకు కావలసింది అదొక్కటే అన్నావు, వచ్చేసింది. అప్పుడు దించెయ్యాలి. నా చెయ్యి పిడి మీదే ఉంది. దించలేదు. ఒక్క ఊపిరి పీల్చుకునేంత సేపు అలాగే పట్టుకుని అతని మొహం చూశాను. ఆ తర్వాత దించాను. ఆ ఊపిరిలోనే చక్ ఊడింది. బల్ల మీద పడి, ఎగిరి అతని కుడి మోకాలికి తగిలింది. చిప్ప ముక్కలైంది. ఇక మామూలుగా నడవడని డాక్టరు చెప్పాడు.

ఎలా జరిగిందని ఆస్పత్రిలో అడిగారు. అతను నోరు తెరిచేలోపు కాంట్రాక్టరే చెప్పాడు, స్టార్టర్‌లో పుల్ల పెట్టుకుంటాడట సార్, ఆ సంగతి తనే ఒప్పుకున్నాడు అని.

నీకు సంతోషమేనా?

అక్క


టైరు కొట్టు మీది గది,
బుధవారం

అక్కా,

సంతోషమేనా అని అడిగావు. ఉన్నదున్నట్టు చెబుతాను. "నేనే పెట్టాను" అన్న చోటికి రాగానే మంచం మీంచి లేచి గంతేశాను. కింద కొట్టువాళ్ళందరికీ టీ ఇప్పించాను. ఎందుకని అడిగితే మా అక్కకి ప్రమోషన్ వచ్చిందన్నాను.

తర్వాత మిగతాది చదివాను. ఆ ఊపిరి దగ్గర ఆగిపోయాను. అక్కడి నుంచి ముందుకి పోలేక మళ్ళీ మొదటికి వచ్చాను. పగ పట్టింది నేను. పళ్ళు నూరుకుంటూ నిద్ర మానుకున్నది నేను. చీమ మీద కాలు పడితే నొచ్చుకునే నువ్వు ఆ పిడి పట్టుకుని చూస్తూ నిలబడ్డావంటే నాకు భయంగా ఉంది. బావ మీద జాలి కాదిది, అది నాకెప్పటికీ రాదు. నీ గురించే భయం.

ఆ ఊపిరి సంగతి ఇంకెవరికీ చెప్పకు. నీ ఉత్తరం చించేస్తున్నాను, ఇది చదివి నువ్వూ చించెయ్యి. ఎవరైనా అడిగితే తీగలు మార్చింది చెల్లెలే, నాకేమీ తెలీదు అను. అందులో అబద్ధం సగమే. నేనొచ్చి ఒప్పుకుంటాను. నువ్వు మాత్రం ఆ ఇంట్లోంచి బయటికి వచ్చెయ్యి. చాలక్కా, అయిపోయింది. వాడి నోటితో వాడు చెప్పాడు. ఇంకేం కావాలి?

చంటి


ఇంటి నుంచి,
శుక్రవారం

చంటీ,

నేను రాను. నువ్వే రా.

కాంట్రాక్టరు నీ గురించి అడిగాడు. అసలు పని తెలిసిన మనిషి వచ్చేదాకా ఆగుతానన్నాడు. కనెక్షన్ మార్పిడి కాగితాల మీద మీ బావ అడక్కుండానే సంతకం పెట్టాడు. స్టార్టర్ పెట్టె కొత్తది కొనిపించాను. తీగలు ఏ రెండు మార్చావో నాకు తెలీదు, వచ్చి నువ్వే సరిచేసుకో. మూడు వేళ్ళతో ఉలి ఎలా ఆనుతుందో అని బెంగ పెట్టుకోకు. నేనే కొన్నాళ్ళు నిలబడగలిగాను, నీకేం.

అయిపోయింది అంటున్నావు. నీకు అయిపోయి ఉండొచ్చు. నీకు కావలసింది ఒక మాట, అది దొరికింది. నీ వేళ్ళు పోయిన రోజు నుంచి ఆ మనిషికి నా చేత్తో అన్నం వడ్డించాను. ఆయన చెప్పాడని నా చెల్లెల్ని ఆస్పత్రి మంచం మీదే తిట్టాను. నీకు రెండు వేళ్ళు పోతే నా చేత నిన్నే తప్పు పట్టించాడు. దానికి ఏ మాట చెబితే సరిపోతుందో నాకు ఇంకా తోచలేదు.

అన్నం పెడుతున్నాను. మందులు వేళకి ఇస్తున్నాను. కట్టు నేనే మారుస్తున్నాను. చూడ్డానికి వచ్చినవాళ్ళు, ఇంతటి ఇల్లాలు దొరకాలంటే పెట్టి పుట్టాలి అంటున్నారు.

దర్జీ కొట్టుకి వెళ్ళడం మానేశాను. నా కుట్టు మిషన్ ఇంటికి తెచ్చుకుని ముందు గదిలో ఆయన మంచం పక్కనే వేసుకున్నాను. చక్రం టకటకా తిరగడం మొదలవగానే ఉలిక్కిపడి రెండు చేతులతో మోకాలు పట్టుకుంటాడు. కళ్ళు గట్టిగా మూసుకుంటాడు. కాసేపు ఆపుతాను. నిద్ర పట్టబోతుందనగా మళ్ళీ తొక్కుతాను. ఈ వారం కుట్టడానికి గుడ్డలేవీ రాలేదు. అయినా తొక్కుతున్నాను.

అక్క